ఐదు నెలలు దాటినా బాబు బోర్లా పడటం లేదు, ఏం చేయాలి?

మీరు రాసింది పెద్ద ప్రశ్న కాబట్టి, చదివే మిగతా తల్లుల కోసం ముందు రెండు ముక్కల్లో చెబుతాను. బాబుకి ఐదు నెలల పది రోజులు. ఇంకా బోర్లా పడలేదు. పక్కింటి పాప నాలుగో నెలలోనే పడింది. విజయవాడ పటమటలో ఉండే మీ అత్తగారు రోజూ వీడియో కాల్‌లో "పడ్డాడా?" అని అడుగుతున్నారు. మీరిప్పుడు గుంటూరు బ్రాడీపేటలో పుట్టింట్లో ఉన్నారు, అక్కడ అమ్మమ్మగారు పిల్లాణ్ణి కింద పెట్టనివ్వడం లేదు. బోర్లా పడుకోబెడితే అర నిమిషంలో ఏడుపు అందుకుంటున్నాడు. బాబాయిగారు వాకర్ కొనిచ్చారు. ఇదంతా వివరంగా రాసి, మధ్యలో ఒక్క మాట మాత్రం అలా అనేసి వెళ్ళిపోయారు: బాబు 35 వారాలకే పుట్టాడని.

మీ టెన్షన్‌లో సగం ఆ ఒక్క మాటతో తీరిపోతుంది. 40 వారాలకు పుట్టాల్సిన బిడ్డ ఐదు వారాలు ముందే వచ్చాడు. ముందుగా పుట్టిన పిల్లల ఎదుగుదల చూసేటప్పుడు, ఆ ముందు వచ్చిన వారాలను వయసులోంచి తీసేసి లెక్క కట్టాలి, దీన్నే సరిచేసిన వయసు అంటాం. రెండేళ్ళు వచ్చేదాకా మేము అలాగే చూస్తాం. మీవాడికి క్యాలెండర్ ప్రకారం దాదాపు 23 వారాలు. ఐదు తీసేస్తే 18. అంటే నాలుగు నెలలు నిండి కొద్ది రోజులైన పిల్లాడు. టీకాలకి మాత్రం ఈ లెక్క వర్తించదు, అవి పుట్టిన తేదీ నుంచే వేయించాలి.

ఇప్పుడు నాలుగు నెలల పిల్లాడిగా చూడండి. మెడ నిలిచిందని రాశారు. బోర్లా పడుకోబెడితే ఏడ్చే ముందు మోచేతుల మీద కాస్త లేస్తున్నాడని రాశారు. వెల్లకిలా ఉన్నప్పుడు మోకాళ్ళు పట్టుకుంటున్నాడు, పక్కకి ఒరిగి మళ్ళీ వెనక్కి వచ్చేస్తున్నాడు. నాలుగు నెలలకి నేను అడిగేవి ఇవే. పక్కకి ఒరగడం అంటే బోర్లా పడటంలో సగం పని అయిపోయినట్టే. చాలామంది పిల్లలు ఆరు, ఏడు నెలల మధ్య రెండు వైపులకీ దొర్లడం నేర్చేసుకుంటారు. మీవాడి విషయంలో ఆ నెలలు కూడా సరిచేసిన వయసు ప్రకారమే లెక్కపెట్టండి.

పక్కింటి పాపతో పోలిక గురించి కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 800 మందికి పైగా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మన దేశంలో ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం కొందరికి నాలుగో నెల దగ్గరే వస్తే, కొందరికి తొమ్మిది నెలలు దాటాక వచ్చింది. సొంతంగా నడవడం ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా సాగింది. వాళ్ళంతా ఆరోగ్యవంతులే. వంద మందిలో నలుగురు అసలు దోగాడకుండానే నడకలోకి వెళ్ళిపోయారు. పక్కింటి పాప ముందు బోర్లా పడింది కాబట్టి ముందు నడుస్తుందని కూడా లేదు. ఇది మీ అత్తగారికి మీరు చెబితే ఎలా తీసుకుంటారో తెలియదు కానీ, డాక్టరు చెప్పారని మీ ఆయన చేత చెప్పిస్తే కాస్త వింటారు. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు అని పంచుకునే ఇళ్ళు మనవి, ఆవిడ ఆత్రం ఆవిడది. బొబ్బట్లు ఎక్కడికీ పోవు.

ఇక మిగతా సగం. వాడికి లోపం ఏమీ కనిపించడం లేదు కానీ, అవకాశం మాత్రం తక్కువగా ఉంది. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా బాబు మెలకువగా ఉన్న సమయమంతా ఎక్కడ గడిపాడో ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్మమ్మ ఒడి, తాతయ్య భుజం, చీర ఉయ్యాల, డబుల్ కాట్ మీద మెత్తటి పరుపు, మళ్ళీ ఒడి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది రోజు ఇలాగే ఉంటుంది. ఒళ్ళో ఉన్నప్పుడు బరువంతా పెద్దవాళ్ళే మోస్తారు. ఉయ్యాలలో గుడ్డ చుట్టూ బిగిసి ఉంటుంది, కాలు తన్నినా ఆనుకోవడానికి గట్టి ఆధారం ఉండదు. మెత్తటి పరుపు మీద మోచేయి లోపలికి దిగిపోతుంది. పిల్లాడు తన బరువు తాను నెట్టి చూసుకోవడానికి గట్టి చోటు కావాలి, అది నేల. ఆడుకునే సమయానికి ఇంతకంటే మంచి సామాను బజారులో లేదు.

గచ్చు మీద నేరుగా వద్దు. చాప పరిచి దాని మీద జంపఖానా గానీ, పలచటి బొంత గానీ వేయండి. చలి చేస్తుందని అమ్మమ్మగారు భయపడితే రెండు మడతలు వేయండి, అంతకంటే మందం వద్దు. ఎండాకాలంలో మన గుంటూరు, బెజవాడ ఇళ్ళల్లో నేల మీదే పిల్లాడికి హాయి.

అమ్మమ్మగారిని ఒప్పించడం ఎలాగని అడిగారు. ఆవిడ రోజూ చేస్తున్నదే చూపించండి. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బాబుని కాళ్ళ మీద బోర్లా వేసుకుని వీపుకి నలుగు పెట్టి నీళ్ళు పోస్తారు కదా. మేము చేయించాలనుకునేది కూడా సరిగ్గా ఆ భంగిమే. పొట్ట కింద ఆనుకుని ఉంది, ఛాతీ కాస్త ఎత్తులో ఉంది, మెడ తనంతట తానే ఎత్తుతున్నాడు. తరాలుగా మన పెద్దవాళ్ళు రోజూ స్నానంలో చేయిస్తూనే ఉన్నారు. అదే భంగిమను నీళ్ళు లేకుండా, పొడిబట్ట మీద, రోజుకి ఇంకో నాలుగైదుసార్లు చేయిస్తున్నామని చెప్పండి. "బోర్లా వేస్తే గుండె నొక్కుకుపోతుంది" అనే భయం అప్పుడు నిలబడదు. అయితే నలుగు తర్వాత చేతులు కాళ్ళు పట్టి లాగడం, తలకిందులుగా వేలాడదీయడం, ముక్కులో చెవుల్లో నూనె పోయడం మాత్రం ఆపించండి. వాటి వల్ల పిల్లాడికి బలం రాదు, కీళ్ళకి, ఊపిరితిత్తులకి ముప్పు ఉంది.

బోర్లా వేయగానే ఏడుస్తున్నాడు అన్నారు. ముందు బట్టలు చూడండి. మొలతాడుకి తాయెత్తు కట్టారా? వెల్లకిలా ఉన్నంతసేపూ అది ఎవరికీ గుర్తుండదు, బోర్లా వేయగానే సరిగ్గా పొట్టలోకి గుచ్చుకుంటుంది. దాన్ని నడుము వెనక్కి జరిపితే ఏడుపు తగ్గిన పిల్లల్ని చూశాను. మెడలో గొలుసు, దారం ఉంటే తీసేయండి, దొర్లే వయసు పిల్లలకి అవి ప్రమాదం. చేతులకి గ్లౌజులు వేస్తున్నారేమో, అవీ తీసేయండి. అరచేయి నేలకి ఆనితేనే దాన్ని నెట్టడం తెలుస్తుంది. సాక్సులు, టోపీ ఇంట్లో అక్కర్లేదు.

తర్వాత సమయం. పాలు తాగిన వెంటనే వేస్తే కక్కుతాడు, ఏడుస్తాడు. అరగంట పోనివ్వండి. నిద్ర ముంచుకొస్తున్నప్పుడూ వద్దు. నిద్ర లేచి, డైపర్ మార్చాక నవ్వుతూ ఉండే ఆ పది నిమిషాలు బంగారం.

ఎలా అంటే, పాత తువ్వాలు ఒకటి తీసుకుని మీ ముంజేయి లావున చుట్టండి. దాన్ని బాబు ఛాతీ కింద, చంకల కిందుగా పెట్టండి. రెండు చేతులూ ఆ చుట్టకి ముందుకి రావాలి, మోచేతులు భుజాలకి సరిగ్గా కింద ఉండాలి. చేతులు వెనక్కి, పొట్ట పక్కకి పోయాయంటే తల ఎత్తలేడు, ముఖం బొంతకి ఆనిపోతుంది, ఏడుస్తాడు. చాలా ఇళ్ళల్లో ఏడుపుకి కారణం ఇదే. మీ అరచేతిని వాడి పిరుదుల మీద పెట్టి మెల్లగా కిందికి ఒత్తి ఉంచండి, ముందు భాగం తేలికై తల పైకి లేస్తుంది. మీరు కూడా వాడి ఎదురుగా నేల మీద బోర్లా పడుకోండి. పైనుంచి పిలిస్తే మెడ అంత ఎత్తలేక విసుగు పడతాడు, కళ్ళకి కళ్ళు ఎదురుగా ఉండాలి. బొమ్మలేమీ లేకపోతే స్టీలు పళ్ళెం ఒకటి గోడకి ఆనించి పెట్టండి. మెరుస్తుంది, అందులో ఇంకో పిల్లాడు కనిపిస్తాడు, కొడితే చప్పుడు చేస్తుంది. కొండపల్లి బొమ్మలు షోకేసులోనే ఉండనివ్వండి. ఈ వయసులో ప్రతిదీ నోట్లోకే పోతుంది, ఆ రంగులు, ఆ సన్నటి చేతులు కాళ్ళు నోటికి పనికిరావు.

ఒకసారికి ఒక నిమిషం చాలు. మూలగడం మొదలుపెడితే ఇంకో పది క్షణాలు మాటలతో సాగదీయండి, గుక్కపట్టి ఏడ్చేదాకా ఉంచొద్దు. మొండిగా ఉంచితే బోర్లా వేయడం అంటేనే వాడికి పడదు. ఇంకా సొంతంగా కదిలి వెళ్ళలేని పిల్లలకి మెలకువలో మొత్తం కలిపి రోజుకి కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అది రోజంతా ముక్కలు ముక్కలుగా కలిపిన లెక్క. మీ ఛాతీ మీద బోర్లా పడుకున్న సమయం, స్నానం సమయం కూడా కలుపుకోండి. రెండు మూడు వారాల్లో దానంతట అదే పెరుగుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇదంతా మెలకువగా, పక్కన పెద్దవాళ్ళు ఉన్నప్పుడే. నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. బోర్లా పడుకుని నిద్రపోయే పసిపిల్లల్లో ఆకస్మిక మరణం ముప్పు ఎక్కువ, అందుకే అమెరికాలో 1994 నుంచి వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారమే నడిపారు. బోర్లా ఆడుతూ కునుకు పడితే మెల్లగా తిప్పేయండి. ఆవాల దిండుతో సహా ఏ దిండూ నిద్రలో అక్కర్లేదు. తల వెనక చదునవుతుందనే బెంగకి మందు కూడా మెలకువలో బోర్లా ఉండటమే.

బోర్లా పడటం నేర్పడం అంటే మీరు తిప్పేయడం కాదు. బాబు వెల్లకిలా ఉన్నప్పుడు వాడి కుడి మోకాలు మడిచి, మెల్లగా ఎడమ వైపుకి తీసుకురండి. నడుము తిరిగి, వాడు పక్కకి వచ్చి ఆగుతాడు. అక్కడ మీ చెయ్యి కూడా ఆగాలి. ఎడమ వైపున, తల కంటే కొంచెం పైగా, గిలక పట్టుకుని ఊపండి. వాడు చూస్తాడు, చెయ్యి చాపుతాడు, భుజం లాగుతాడు, ఇరుక్కున్న చెయ్యి ఎలా తీసుకోవాలో తెలియక కాసేపు గింజుకుంటాడు. ఆ గింజుకోవడాన్ని చూడలేక మనం చటుక్కున తిప్పేస్తాం. ఆగండి. ఆ పెనుగులాటలోనే పొట్ట కండరాలు పనిచేస్తాయి. మరీ అలసిపోతే తుంటి దగ్గర రెండు వేళ్ళతో చిన్న సాయం చేయండి, చివరి భాగం వాడికే వదిలేయండి. రెండు వైపులా చేయించండి. ఎప్పుడూ ఒకే వైపు ఎత్తుకుంటే, ఒకే వైపు నుంచి పాలిస్తే, మెడ ఆ వైపే అలవాటు పడుతుంది. మంచం మీద ఒకరోజు తల అటు, ఒకరోజు ఇటు మార్చి పడుకోబెట్టండి.

ఇక్కడే చెప్పేస్తాను, ఈ రోజు నుంచి మంచం మీద వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. మొదటిసారి బోర్లా పడటం చాలామంది పిల్లలు ఎవరూ చూడనప్పుడే చేస్తారు. దిండ్లు అడ్డం పెట్టడం రక్షణ కాదు.

దిండ్లు చుట్టూ పేర్చి కూర్చోబెడుతున్నామని కూడా రాశారు. ఆపేయండి. కూర్చోబెట్టడం వల్ల కూర్చోవడం రాదు. బోర్లా ఉండి చేతుల మీద లేచి, దొర్లి, పక్కకి ఒరిగి లేచే క్రమంలో నడుము బలపడ్డాక అదే వస్తుంది. దిండ్ల మధ్య పిల్లాడు గూనిగా వాలిపోతాడు, పడితే మళ్ళీ తనంతట తాను లేవలేడు. ఒళ్ళో ముందుకి తిప్పి కూర్చోబెట్టుకుని, నడుము దగ్గర పట్టుకుని కాసేపు ఆడించడం వేరు, అది హాయిగా చేయండి. మెడ బాగా నిలిచాక చంకన ఎత్తుకోవడం కూడా మంచిదే. కాళ్ళు రెండు పక్కలా విడిపోయి, తుంటి కీలు సరైన స్థానంలో ఉంటుంది, మీరు కదిలినప్పుడల్లా వాడు నడుము సర్దుకుంటూ ఉంటాడు. కాళ్ళు నిటారుగా చాపి గుడ్డలో బిగించి చుట్టడం తుంటికి మంచిది కాదు.

వాకర్ గురించి నా అభిప్రాయం దాచుకోను. డబ్బా కూడా విప్పకండి, వీలైతే తిరిగి ఇచ్చేయండి. పేరులో నడక ఉంది కానీ నడకకి దానితో సంబంధం లేదు. అందులో పిల్లాడు గుడ్డ సీటు మీద వేలాడుతూ మునివేళ్ళతో నేలని తన్నుకుంటూ పోతాడు. తూలితే ఆపుకోవడం నేర్చుకోడు, వంగి కిందనున్నది తీసుకోవడం కుదరదు, తన కాళ్ళు తనకి కనపడవు. ఐర్లండ్‌లో 190 మంది పిల్లల తల్లిదండ్రుల నుంచి వివరాలు సేకరించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, మొత్తం కలిపి వాకర్‌లో గడిపిన ప్రతి 24 గంటలకీ సొంత నడక మూడు రోజులకు పైగా ఆలస్యమైనట్టు తేలింది. అదొక్కటీ అయితే పోనీలే అనుకోవచ్చు. అసలు భయం దెబ్బలది. గడప తగిలి బోల్తా పడటం, మెట్ల మీంచి దొర్లడం, వంటింట్లోకి దూసుకెళ్ళి వేడి పప్పుచారు గిన్నె లాక్కోవడం. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. మన దగ్గర ఏ బొమ్మల కొట్టుకి వెళ్ళినా ముందు వరుసలో అవే. బాబాయిగారు బాధపడతారంటే, దానికి బదులు నడక వచ్చే సమయానికి మూడు చక్రాల చెక్కబండి ఒకటి కొనిపెట్టమనండి. వాడు తన కాళ్ళ మీద తాను నిలబడి నెట్టుకుంటూ పోతాడు కాబట్టి అది వేరే సంగతి. అది కూడా నిలబడటం వచ్చాకే, పక్కన మనిషి ఉండగానే.

తర్వాతి నెలల గురించి ఇప్పుడే ఎక్కువ చెప్పి కంగారు పెట్టను. పాకే వయసు వచ్చినప్పుడు నున్నటి టైల్స్ మీద మోకాళ్ళు జారతాయి, నిక్కరు పొట్టిది వేసి చర్మం నేలకి తగలనివ్వండి. ఇది చదివే ఆడపిల్లల తల్లులు పొడవాటి గౌన్లు మానండి, మోకాళ్ళ కింద చిక్కుకుని ముక్కు మీద పడతారు. లేచి నిలబడే వయసులో దివాన్ కాట్ మీద బొమ్మ పెట్టి, ఇంకొకటి కింద పడేయండి, వంగి తీసుకుని లేవడమే పిల్లలకి గుంజీళ్ళు. ఇంట్లో చెప్పులు, కీచు బూట్లు వద్దు, వట్టి కాళ్ళే మేలు. రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నడిపించే సరదా కూడా కాస్త తగ్గించుకోండి, అలా పట్టుకుంటే బరువు మీదే, వాడిది కాదు.

పటమట ఫ్లాటుకి వెళ్ళే ముందు మీ ఆయన్ని ఒక పని చేయమనండి. మోకాళ్ళ మీద ఇల్లంతా ఒకసారి పాకి చూడమనండి. నవ్వులాటకి అనడం లేదు. కింద ఉన్న ప్లగ్గులు, వేలాడే ఛార్జర్ వైరు, దోమల మందు మెషిను, బాత్‌రూంలో నిండా నీళ్ళున్న బకెట్టు, మూడో అంతస్తు బాల్కనీ ఊచల మధ్య సందులు ఆ ఎత్తు నుంచే కనిపిస్తాయి. బకెట్టు బోర్లించి పెట్టడం అందరికంటే ముందు అలవాటు చేసుకోవాలి.

విటమిన్ డి చుక్కలు రోజూ వేస్తున్నారో లేదో రాయలేదు. మొదటి ఏడాదంతా రోజుకి 400 యూనిట్లు అవసరం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఐరన్ చుక్కలు కూడా రాస్తారు, మోతాదు మీ పిల్లల డాక్టరు బరువు చూసి చెప్పాలి. పోయినసారి రాసిచ్చిన చీటీ తీసి చూడండి, సీసా అయిపోయాక చాలామంది మళ్ళీ కొనరు.

ఇప్పుడు, ఎప్పుడు ఆగకూడదో చెబుతాను. సరిచేసిన వయసు ప్రకారం నాలుగు నెలలకి మెడ అస్సలు నిలవకపోయినా, పిడికిళ్ళు ఎప్పుడూ బిగిసే ఉన్నా, కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడుతూ బిర్రుగా ఉన్నా, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోయేంత మెత్తగా ఉన్నా వెంటనే చూపించాలి. ఏడాది లోపు ఒకే చెయ్యి వాడుతూ రెండోది పక్కన పడేస్తుంటే "ఎడమచేతి వాటమేమో" అని ముచ్చట పడకండి, అది చూపించాల్సిన విషయమే. వెనక్కి విల్లులా వంగిపోతూ ఒక్కసారిగా దొర్లిపోవడం చూసి ముందే నేర్చుకున్నాడని సంబరపడే వాళ్ళూ ఉన్నారు, అది బిగుతు వల్ల కావచ్చు. తొమ్మిది నెలలకి ఆసరా లేకుండా కూర్చోకపోతే, పద్దెనిమిది నెలలకి నడవకపోతే ఇంకో నెల చూద్దామని ఆగొద్దు. వచ్చిన పని మర్చిపోతే మాత్రం, అంటే నిన్నటిదాకా చేసింది ఈ రోజు చేయలేకపోతే, వయసుతో సంబంధం లేకుండా అదే వారంలో వెళ్ళాలి.

మీ తల్లీబిడ్డల కార్డులో వయసు వారీగా పిల్లలు చేసే పనుల బొమ్మలు ఉంటాయి, చాలామంది టీకాల పేజీ తప్ప తిప్పరు. అంగన్‌వాడీలో గానీ, ఆరోగ్య కేంద్రంలో గానీ అది చూపించి అడగొచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో ఎదుగుదల ఆలస్యానికి పరీక్షలు, థెరపీ ఉచితం. అనుమానం ఉన్న పిల్లల్ని అక్కడి నుంచి జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు, ఫిజియోథెరపీ అక్కడే చేయిస్తారు. ప్రైవేటులో చూపించుకున్నా తప్పులేదు, ఆలస్యం కాకుండా ఉంటే చాలు.

మీవాడికి ఈ లక్షణాలేవీ మీరు రాసినదాంట్లో కనపడలేదు. అయినా ముందుగా పుట్టిన బిడ్డ కాబట్టి, సరిచేసిన వయసు ఆరు నెలలు వచ్చాక, అంటే క్యాలెండర్ ప్రకారం ఏడు నెలలు దాటాక ఒకసారి పిల్లల డాక్టరు చేత ఈ విషయమే ప్రత్యేకంగా చూపించండి. వెళ్ళేముందు ఇంట్లో వాడు హుషారుగా ఉన్నప్పుడు, బోర్లా రెండు నిమిషాలు, వెల్లకిలా రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి. బట్టలు తక్కువగా, వెలుతురు బాగా ఉండేలా, మనిషంతా కనిపించేలా పక్క నుంచి తీయండి. కొత్త గదిలో, తెల్లకోటు ముందు పిల్లలు ఏడవడం తప్ప ఇంకేమీ చేయరు.